మమతారాణి ఆపరేషన్ కాగితం

సిరిసిల్లలో మమతారాణిని అందరూ ఒకటే ప్రశ్న అడిగిండ్రు. చాయ్ హోటల్ కాడ అడిగిండ్రు, ఆటోలో అడిగిండ్రు, రేషన్ దుకాణం ముందట లైన్లో నిలబడి అడిగిండ్రు. "అయిందా?" అని. ఏమయిందో నోటితో అనేవాళ్లు కాదు. కండ్లు మాత్రం చీర కుచ్చిళ్ల దాకా దిగి మళ్లీ పైకి వచ్చేవి. అడిగేది పోస్టాఫీసు గుమాస్తా అయినా, పాన్ డబ్బా ఆయన అయినా, ఆ కండ్లు దిగే తీరు ఒకటే.

పదిహేనేండ్ల పైబడి ఆమె సాంచాల, అంటే మరమగ్గాల, వెనక కూర్చుని పోగులు అతికింది. ముడి ఎంత చిన్నగా వేస్తే తెగకుండా జారిపోతదో, తడి పోగుకు వేలు ఎంత బిగించాలో, రంగు పోగు పక్కన తెల్ల పోగు ఎట్లా గుర్తుపట్టాలో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఒక్కరూ అడగలే. అడిగితే చెప్పేది. తన దగ్గర చెప్పదగ్గ సంగతి అదొక్కటే అని ఆమె లెక్క.

ఆ పనిని సిరిసిల్లలో వైపని అంటరు. సాంచా మీద పడుగు చుట్టిన బీము అయిపోతే, పాత పోగుల తోకలు వెనక వేలాడుతుంటాయి. కొత్త బీము ఎక్కించి, ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగు ముడేయాలె. వేల పోగులు. సాంచాకూ గోడకూ నడుమ మనిషి పట్టీ పట్టని సందులో, నేల మీద కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుని, తల ఎత్తకుండా చేయాలె. ఒక్క పోగు పక్క పోగుతో కలిసినా బట్ట మీద గీత పడుతది. ఆ గీత థాను పొడుగునా నడుస్తది. ఎవరెన్ని మాటలు చెప్పినా గీత దాగదు. అందుకే ఆ పని ఆమెకు నచ్చింది.

పద్నాలుగో ఏట బాపు ఆమెను సమ్మయ్య మేస్త్రి గుంపులో పెట్టిండు. అప్పుడు ఆమెది మగపిల్లగాని పేరు. ఆ పేరుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. సమ్మయ్యకు నోరు బాగా నడిచేది. ఎలక్షన్ల గురించి, క్రికెట్ గురించి, ఎవరి పెండ్లాం ఎవరితో మాట్లాడిందన్న దాని గురించి ఏకధాటిగా చెప్పేటోడు. ఆయన ఒక కథ ముగించేలోపు ఆ పిల్ల నలభై పోగులు అతికేది. తను ఆడపిల్లనన్న సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఎట్లా తెలుసు అని అడిగేవాళ్లు, తాము మగోళ్లమని తమకు ఎట్లా తెలిసిందో ముందు చెప్పాలె. చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

ఇరవై ఏండ్లకు ఇల్లు విడిచి ఆదిలాబాద్ పోయింది. అక్కడ తనలాంటోళ్లు ఉంటరని ఎవరో చెప్పిండ్రు. ఉన్నరు. గంగుబాయి అనే పెద్దామె ఇంట్లో ఏడుగురు ఉండేటోళ్లు. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుల ముందట లారీలకు దిష్టి తీసి, మార్కెట్ యార్డులో సేట్లకు దీవెనార్తులు ఇచ్చి బతికేటోళ్లు. గంగుబాయి అన్నం పెట్టింది. టైఫాయిడ్ వస్తే పదిరోజులు పక్కన కూర్చున్నది. అది మమతారాణి మరువలే. మమతారాణి అనే పేరు కూడా ఆమె పెట్టిందే. కానీ ఆ ఇంట్లో కూడా అదే ప్రశ్న తయారుగా ఉండింది. నిర్వాణం అంటే ఆపరేషన్. అది అయినోళ్లు పై వరుస, కానోళ్లు కింది వరుస. దాని మీద ఇంకో ప్రశ్న ఉండింది.

"కాయ్ గ మమతా, నీ మనిషెవడు?" అని ఒకనాడు గంగుబాయి జొన్న రొట్టె చేస్తూ తన మరాఠీ యాసలో అడిగింది.

"ఎవడూ లేడమ్మా."

"మనసుల అన్న ఉంటడు గదనే!"

మమతారాణి దాచలే. బట్టల దుకాణంలో పనిచేసే ఒకామె అంటే మనసు అని చెప్పింది. ఇల్లంతా రొట్టెలు విడిచిపెట్టి నవ్వింది.

"మరి చీరెందుకే పోరి? ప్యాంటేసుకొని లగ్గం చేసుకోరాదూ! సగం దానివి అనుకుంటే నువ్వు పావు సుత కావు" అన్నది గంగుబాయి.

ఊరంతా ఎవరిని తరిమిందో వాళ్ల ఇంట్లో కూడా ఊరి లెక్కే నడుస్తున్నదని మమతారాణికి ఆనాడు అర్థమైంది. మగోళ్ల మీద మనసుంటేనే ఆడది, లేకుంటే వేషం. ఈ లెక్క ఎవరు కట్టిండ్రో తెలియదు గాని, కట్టినోనికి ఆడోళ్ల గురించి తెలిసింది తక్కువ. ఇంకో మూడు నెలలు ఉండి, గంగుబాయి కాళ్లు మొక్కి, బస్సెక్కింది. నవ్వినందుకు కాదు. చప్పట్లు కొట్టీ కొట్టీ వేళ్లు మొద్దుబారుతున్నయని భయమైంది.

సిరిసిల్లకు చీరలో వచ్చి నేరుగా సమ్మయ్య దగ్గరికి పోయింది. సమ్మయ్య ఎగాదిగా చూసి, బీడీ వెలిగించి, "వైపని ఆడోళ్లు చెయ్యరు గద. పోయి నూలు కండెలు చుట్టుకో" అన్నడు. గుంపు నవ్వింది. ఆమె రోడ్డు దాటి కండెలు చుట్టే ఆడోళ్ల దగ్గరికి పోయింది. వాళ్లలో పెద్దామె, "మొగోడు మా నడుమ ఎట్ల కూసుంటడు? అది అయినంక రా" అన్నది. రోడ్డుకు ఇటుపక్క ఆమె ఆడది కాబట్టి పని లేదు. అటుపక్క మగోడు కాబట్టి పని లేదు. సమ్మయ్య, ఆ పెద్దామె మొగుడు ఒకటే హోటల్లో ఒకటే బెంచీ మీద చాయ్ తాగేటోళ్లు. రెండు మాటలూ ఒకటే బెంచీ మీద కూర్చున్నా ఏనాడూ కొట్టుకోలే.

ఆమె బతిమాలలే. నాలుగేసి సాంచాలు పెట్టుకుని తామే నడుపుకునే చిన్న ఆసాముల దగ్గరికి పోయింది. వాళ్లకు బీము ఆగితే బువ్వ ఆగుతది. కుచ్చిళ్ల దిక్కు చూసే తీరిక వాళ్లకు లేదు. ఒక్కతే కూర్చుని, నలుగురు చేసే పని రెండు దినాల్లో చేసి ఇచ్చేది. గీత పడేది కాదు. ఏడాదిలో ఆసాములే ఇంటికి వచ్చి పిలుచుకుపోవుడు మొదలుపెట్టిండ్రు.

రెబెకా అప్పుడే పక్క గదిలో కిరాయికి దిగింది. ఖానాపూర్ మెథడిస్టు చర్చి వాళ్ల బిడ్డ. వేములవాడ దిక్కు ఒకనికి ఇస్తే, ఆరేండ్లు చూసి విడిచిపెట్టి వచ్చింది. బీడీలు చుట్టి బతికేది. ఆమె వేళ్లు చిన్నగా, చురుకుగా ఉండేవి. దిగిన మూడో రోజున మమతారాణి అరుగు మీద కూర్చుని దారం ముక్కలతో ఒక కొత్త ముడి చూసుకుంటుంటే, బీడీల చాట పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"గది ఎట్ల ఏసినవ్? జర మెల్లగ చూపెట్టు."

మమతారాణి తలెత్తి చూసింది. కండ్లు చేతుల మీదనే ఉన్నయి. ఎటూ దిగలే.

అట్లా మొదలైంది. నెల తిరగకముందే రెబెకా బూడిద అద్దుకుని బీముకు అటుపక్క కూర్చున్నది. ఇద్దరు కూర్చుంటే పని ఒక్కరోజుకు వచ్చింది. ఆరు నెలలకు రెండు గదుల కిరాయి ఎందుకని ఒకటి ఖాళీ చేసిండ్రు. తొమ్మిదేండ్లు అట్లా నడిచింది. గల్లీ తన సౌలతు కోసం ఒక పేరు పెట్టుకున్నది: మమతారాణి రెబెకా మొగుడు. చీర కట్టుకున్న మొగుడు. రెబెకా తమ్ముడు బెంజమిన్ ఖానాపూర్‌లో స్కూలు వ్యాను నడుపుతడు, ఆదివారం చర్చిలో పాటలు పాడుతడు. క్రిస్మస్‌కు కేకు పట్టుకుని వచ్చినప్పుడల్లా "బాగున్నవా బావా?" అనేటోడు. "అక్కా అను" అని మమతారాణి ప్రతి ఏడూ చెప్పేది. "గదెట్లయితది బావా" అని కేకు కోసేటోడు. చీర కండ్ల ముందట ఉన్నా వానికి లోపలి సామాను మీదనే నమ్మకం. అది తను చూసింది లేదు, చూపెట్టినవాళ్లూ లేరు.

ఆపరేషన్ చేయించుకుంటనని మమతారాణి చెప్పింది ఒక్క రెబెకాకే.

"ఎవలన్న ఏమన్న అన్నరా?" అని రెబెకా అడిగింది.

"అనోళ్లు ఎవలు? వాళ్ల కోసం గాదు. తానం చేసేటప్పుడు కండ్లు మూసుకునుడు యాష్టకొచ్చింది. చెప్పుల రాయి పడితే తీసేస్తం గద. తీసినంక కాలు కొత్తగ మొలువదు. నడుసుడు సుకమైతది."

అప్పటికి ఐదేండ్ల సంది కూడబెడుతున్నది. సరిగ్గా అదే ఏడు మంజుల మహిళా సంఘం కార్ఖానా తెరిచింది. ఎనిమిది సాంచాలు, చీరల ఆర్డరు, అంతా ఆడోళ్లే. మంజుల సంఘానికి అధ్యక్షురాలు. మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి ఆమెకు మామూలుగా మాట్లాడుడు మర్చిపోయింది. ఇంట్లో నీళ్లడిగినా మైకు ముందట నిలబడ్డట్టే అడుగుతదని ఆమె కోడలు చెప్పేది. వైపని కూడా ఆడోళ్లతోనే చేయిస్తమని కార్ఖానా తెరిచేనాడు గట్టిగా ప్రకటించింది. తర్వాత తెలిసింది, ఊరు మొత్తంలో వైపని వచ్చిన ఆడోళ్లు ఇద్దరే అని.

ఇద్దరినీ పిలిపించింది. "రెబెకాది సరే. నీకు మాత్రం కాగితం కావాలె మమతా."

మమతారాణి బ్యాగులోంచి కలెక్టర్ ఆఫీసు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఫలానా అని తను చెప్పిన మాట మీద, ఏ పరీక్షా లేకుండా, సర్కారు ఇచ్చిన కార్డు.

మంజుల దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇది కార్డు. నేనడిగేది అది గాదు. అయినట్టు కాగితం. సంఘమంతా ఆడోళ్లది. రేపు ఎవడన్న ఫిర్యాదు పెడితే నేను జవాబు చెప్పాలె గద?"

సర్కారుకు సరిపోయిన మాట మంజులకు సరిపోలే. మమతారాణి కార్డు బ్యాగులో వేసుకుని వచ్చింది.

ఆపరేషన్‌కు హైదరాబాదు పోయేముందు గంగుబాయి ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేసింది. "డాక్టరు అడిగితే మొగోళ్లంటేనే ఇష్టమని చెప్పు బేటా. లేకుంటే పరేషాన్ చేస్తరు." ప్రేమతోనే చెప్పింది. కానీ మమతారాణికి అబద్ధం ముడి వేసుడు రాదు. మనసు డాక్టరు అడిగిండు, ఎవరి మీద ఇష్టమని. "రెబెకా అని ఒకామె ఉన్నది సార్" అని చెప్పింది.

"ఆపరేషన్ అయితే అది మారుతదని అనుకుంటున్నవా?"

"లేదు సార్. మారాల్నని సుత లేదు."

"మంచిది. మనసు ఏండ్ల మీద అటో ఇటో అయ్యేటోళ్లు ఉంటరు. ఆపరేషన్ లేనోళ్లకు సుత అయితది. కత్తి మాత్రం ఆ పని చెయ్యదు" అని ఆయన రాసుకున్నడు. తల ఎత్తలే, నవ్వలే, ఎగాదిగా చూడలే. జీవితంలో ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్న మనిషి ఆయన ఒక్కడే. ఆయనే అందరికంటే తక్కువ మాట్లాడిండు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఇంకా తక్కువ మాట్లాడింది. కట్టు విప్పినప్పుడు మమతారాణి అద్దం అడిగి కుట్లు చూసుకున్నది. కుట్టుకూ కుట్టుకూ నడుమ ఎడం ఒక్క తీరుగా ఉన్నది. ఎక్కడా గుంజలే, ఎక్కడా వదులు లేదు. చాలాసేపు చూసింది. ఎవరో పని తెలిసినామె చేతిలో పడ్డనని ఆమెకు కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

ఇంటికి వచ్చినాక గల్లీ వచ్చింది. నొప్పి ఎట్లున్నదని రాలే. అడుగుతున్న ప్రశ్నకు జవాబు దొరికింది కాబట్టి, దానికి బదులు ఇంకోటి తయారు చేసుకుని వచ్చింది. "ఇగ మంచిగ ఒక పిలగాన్ని చూసుకో" అని ఇంటి ఓనరు పెండ్లాం. "ఇప్పుడు మనసు మల్లుతదట గద, మా ఆడబిడ్డ టీవీల చూసిందట" అని ఎదురింటామె. ఎన్నడూ గుమ్మం తొక్కని సమ్మయ్య కూడా వచ్చి, కుర్చీలో కూర్చుని, మీసం మీద చెయ్యేసి నవ్విండు. రెబెకా చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. కట్టు మార్చుడు, వేడినీళ్లు పెట్టుడు, గోలీలు టయానికి ఇచ్చుడు ఒక్కటీ తప్పలే. కానీ మాట తగ్గింది. మమతారాణి ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడితే, లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగేది.

నడుసుడు వచ్చినాక ఇద్దరూ కాగితం పట్టుకుని మంజుల దగ్గరికి పోయిండ్రు. మంజుల చదివింది. కార్ఖానాలో ఉన్న ఆడోళ్లందరికీ వినబడేటట్టు, "ఇగ మా చెల్లె అయినవ్" అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "అయితే రెబెకా వేరే గది ఎప్పుడు చూసుకుంటది?"

"ఎందుకక్కా?"

"ఎందుకంటవేందే? ఇద్దరు ఆడోళ్లు... ఒక ఇంట్ల... గట్ల ఉంటే మంచిగుంటదా? మా సంఘంల పెండ్లి గాని పిల్లలు సుత ఉన్నరు."

"తొమ్మిదేండ్ల సంది ఉంటున్నం. గన్నేండ్లు నీకు గిది యాదికి రాలే?"

"అప్పుడంటే మొగడు పెండ్లాల లెక్క చూసినం."

"మొగోన్నయితే సంఘంల ఒద్దంటివి గద మంజులక్కా."

"అప్పుడు గది అప్పుడు."

"ఇప్పుడు ఆడదాన్నయితే ఇల్లు ఒద్దంటున్నవ్."

కండెల దగ్గర ఎవరో కిసుక్కున నవ్విండ్రు. మంజుల ముఖం ఎర్రబడ్డది. తను అడిగిన కాగితమే తన గొంతుకు అడ్డం పడ్డదని ఆమెకు అర్థం కాలే. అర్థం కాకుంటే గట్టిగా మాట్లాడుడు ఆమె అలవాటు. "గదంతా నాకు తెల్వది. వేరే వేరేగ ఉంటే ఇద్దరు రాండ్రి. లేకుంటే నువ్వొక్కదానివే రా" అని తేల్చేసింది.

రెబెకా అప్పటికే చెప్పులేసుకుని రోడ్డు మీదికి నడిచింది.

ఆ ఆదివారం చర్చి అయినాక బెంజమిన్ వ్యాను వేసుకుని ఖానాపూర్ నుంచి వచ్చిండు. క్రిస్మస్ కాదు, కేకు లేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నడు. మమతారాణిని ఏమని పిలవాలో తెలియక ఏమనీ పిలవలే, రెబెకా దిక్కు తిరిగిండు.

"అక్కా, గిన్ని దినాలంటే ఏదో ఒక తీరుగ చెప్పుకున్నం. బావ అనుకున్న. చర్చిల అడిగితే మా బావ అని చెప్పిన. గిప్పుడు ఏం చెప్పాలె? ఇద్దరు ఆడోళ్లు ఉంటున్నరని చెప్పాల్నా?"

"ఎవలు అడిగిండ్రు?" అన్నది రెబెకా.

"అడుగుతరు."

అడగకముందే జవాబుకు భయపడేటోళ్లు ఊరికి ఇంత మంది ఉంటరు కాబట్టే అడిగేటోళ్లు బతుకుతున్నరని మమతారాణి అనుకున్నది.

బెంజమిన్ గొంతు సవరించుకున్నడు. "ఒకాయన సంబంధం ఉన్నది. ఎరువుల దుకాణంల పనిచేస్తడు, పెండ్లాం సచ్చిపోయింది, మంచోడు. నీ గురించి చెప్పిన. వారంల జవాబు చెప్తనన్న." తర్వాత, మమతారాణి అక్కడ లేనట్టు, "కోసినంక వాళ్ల మనసు మొగోళ్ల మీదికి పోతదట అక్కా. అందరు చెప్తున్నరు. రేపు ఎవడో ఒకని ఎంబడి పోతది. నువ్వు గీ గదిల ఒక్కదానివే ఏం చేస్తవ్?"

మమతారాణి వాన్ని చూడలే. వాడు చూడదగ్గ మనిషి కాదు. రెబెకాను చూసింది. రెబెకా నేల మీది చాపను చూస్తున్నది. "గట్ల పోదు" అనలే. "నీకేం తెలుసు" అనలే. వాడు లేచి పోయేదాకా చాప అంచు పీకుతూ కూర్చున్నది.

సమ్మయ్య నవ్వితే, మంజుల అరిస్తే, గల్లీ మొత్తం గుసగుసలాడితే మమతారాణికి వెంట్రుక కదలలే. రెబెకా అట్లా ఊరుకునుడు మాత్రం లోపలికి దిగింది. ఆ ఎరువుల దుకాణం మనిషికి ఒద్దని చెప్తదా, సరేనంటదా? ఆమెకు తెలియలే. అడుగుదామనుకుని మూడు రోజులు అడగలే. ఊరందరి లెక్క ప్రశ్న అడిగే మనిషి కావాలనుకోలే.

బుధవారం తంగళ్ళపల్లిలో ఒక ఆసామి దగ్గర బీము ఉన్నది. మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్క సాంచాలన్నీ ఆగినయి. ఆ చప్పుడు లేకుంటే కార్ఖానాలో మనిషి ఊపిరి కూడా వినబడుతది. ఆసామి బువ్వకు పోయిండు. ఇద్దరే అటొకరు ఇటొకరు కూర్చుని, కిటికీ వెలుతురులో పోగులు అతుకుతున్నరు. రెబెకా చేతి దిక్కు చూసిన మమతారాణి ఆగింది. నాలుగు పోగులు ఒకటి తప్పి ఒకటి పోయినయి. తొమ్మిదేండ్లలో రెబెకా అట్లా చేయలే.

"విప్పు."

రెబెకా విప్పలే. పోగులు పట్టుకునే ఉండి, "ఒకటి అడుగుత" అన్నది. "అయినంక... నీ మనసు మొగోళ్ల దిక్కు పోతున్నదా?"

మమతారాణికి నవ్వొచ్చింది. అసయ్యమొచ్చింది. గుమాస్తా, పాన్ డబ్బా ఆయన, సమ్మయ్య, మంజుల, అందరూ వరుసగా వచ్చి రెబెకా నోట్లో కూర్చున్నట్టు అనిపించింది.

"నువ్వు సుతనా?"

"నేను గాకపోతే ఎవలడగాలె? వాళ్లకేం పోతది? నాకు పోతది."

ఆ మాటకు మమతారాణికి కోపమొచ్చింది. "మరి నేనొకటి అడుగుత. నువ్వు నా దగ్గరికి ఎందుకొచ్చినవ్? లోపల మొగోడు ఉన్నడనే వచ్చినవా? గిప్పుడు లేడని భయపడుతున్నవా?"

రెబెకా పోగులు విడిచిపెట్టింది. "మొగోడు కావాల్నంటే నాకొకడు ఉండె. ఆరేండ్లు చూసిన. వాణ్ణి ఇడిచిపెట్టి వచ్చిన దాన్ని మల్ల మొగోన్ని ఎతుక్కుంటనా?" చేతి బూడిద కోపంతో దులుపుకున్నది. "నేను ఆడదాని దగ్గరికే వచ్చిన. మొదటిసంది. చిన్నప్పటిసంది నా మనసు గంతే. గీ ఊర్ల నిన్ను సూటిగ చూసి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నువ్వే నన్ను అందరిల కలిపితివి!"

మమతారాణి చేతిలో పోగును విడిచిపెట్టింది. తొమ్మిదేండ్లు పక్కపక్కన పండుకుని, ఎదురెదురుగా కూర్చుని, ఈ మాట అడగలే. తను కూడా లెక్క తప్పు కట్టింది. గల్లీ పెట్టిన పేరును పైకి ఛీకొట్టింది గాని, లోపల ఒక మూల, రెబెకా దేని కోసం ఉన్నదో అన్న అనుమానం దాచుకున్నది. తన మీద తనకు చిన్నతనమనిపించింది.

"మరి ఎందుకు భయపడ్డవ్?" అన్నది మెల్లగా.

"అందరు చెప్తున్నరు గద."

"అందరికి ఏమన్న పని వస్తదా? మాట తప్ప?" మమతారాణి బీము మీదుగా ముందుకు వంగింది. "ఇను. ఆపరేషన్ అయినంక ఏం మారిందో చెప్త. తానం మారింది. అద్దం ముందట నిలబడుడు మారింది. ఒంటేలుకు పోవుడు మారింది, గదింకా నేర్చుకుంటున్న. నన్ను ఆడదాన్ని చేసింది గది గాదు, అంతకుముందే ఉన్న. నీ దిక్కు చూసుడు మారలే. మారితే ఎవలో టీవీల చెప్పేదాక ఆగుదునా? నీకు నేనే చెప్పేదాన్ని."

రెబెకా కొంగుతో ముక్కు తుడుచుకున్నది. తర్వాత నాలుగు పోగులు విప్పి, మళ్లీ సరిగ్గా ముడేసింది. ముడేసినాక ఫోను తీసింది.

"బెంజమిన్, ఆ ఎరువులాయనకు ఒద్దని చెప్పు."

అటునుంచి ఏదో చాలాసేపు వినబడ్డది.

"ఆమె ఎవలెంబడి పోదు. పోయినా నాకు మొగోడు అక్కరలే. గది నా సంగతి, ఆమెది గాదు. చర్చిల ఎట్ల చెప్పాల్నో నువ్వు చూసుకో, పాటలు పాడెటోనివి నోరుంది గద. ఇంకొకటి. క్రిస్మస్‌కు వస్తే ఈమెను అక్కా అని పిలువు. రాదంటే రాకు."

ఫోను పక్కన పెట్టి, చేతికి బూడిద అద్దుకున్నది.

కరెంటు వచ్చే యాళ్లకు మంజుల వచ్చింది. సమ్మయ్య గుంపును పిలిచి రెండు సాంచాలకు వైపని చేయించిందట. రెండిటి మీదా చీరలకు పొడుగునా గీతలు. ఆర్డరు ఇచ్చినోళ్లు తిప్పి పంపిండ్రు. ఈ సంగతులన్నీ ఆమె చెప్పలే. బువ్వ తిని వచ్చిన ఆసామి చెప్పిండు. ఆమె మాత్రం సభలో మాట్లాడినట్టు, సంఘం పునరాలోచన చేసిందని చెప్పింది. వాకిట్లోనే నిలబడి, "ఇద్దరు రాండ్రి. ఇల్లు మీ ఇష్టం" అన్నది. తర్వాత లోపలికి ఒక అడుగు వేసి, "ఒక్క మాట. ఎవలన్న అడిగితే అక్కచెల్లెండ్లమని చెప్పుండ్రి. అందరికి మంచిగుంటది" అన్నది.

మమతారాణి నోరు తెరిచేలోపు రెబెకా అందుకున్నది.

"అక్కచెల్లెండ్లం గాదు మంజులక్కా. నాకు తమ్ముడే ఉన్నడు, వాడే ఎక్కువైండు. మేమిద్దరం ఒక సంసారం. గది నీ నోటితోని చెప్పరాకుంటే సప్పుడు చెయ్యకుండ ఉండు. నీ సాంచాలు నడుస్తయి."

పక్క సాంచాలు ఒక్కొక్కటే మొదలైనయి. మంజుల ఏదో అన్నది, ఆ చప్పుడులో వినబడలే. మళ్లీ అనలే. ఎనిమిది వేళ్లు చూపించి, రేపు పొద్దున ఎనిమిది గంటలకు రమ్మన్నట్టు, వెళ్లిపోయింది.

మమతారాణి తలెత్తలే, చేతిలో పోగు ఉన్నది. ముడి పూర్తయినాక సాంచాల చప్పుడు మీదుగా గొంతు పెంచింది.

"ఎనిమిదికి గాదు, ఏడున్నరకు పోదాం. ఆ బీములు ఎట్ల ఎక్కిచ్చిండ్రో ముందు చూడాలె."